రెండో ఫోర్క్

సోమవారం ఉదయం ఏడున్నరకి పద్నాలుగో బ్లాకు మెట్ల మీద ల్యూబెన్ తాషెవ్ కూలబడి ఉన్నాడు.

వీపు గోడకి ఆని ఉంది. రెప్పలు మూతలు పడి ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయిగానీ మాట బయటికి రావడం లేదు.

మూడో అంతస్తు నెలి మొదట చూసింది. తాగాడనుకుంది. పక్కనుంచి తప్పుకుని బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళిపోయింది. తర్వాత దిగిన ఇద్దరూ అదే అనుకున్నారు. ఒంటరి మగాడు, రిటైరైన బస్సు డ్రైవరు, పైగా ఆదివారం గడిచిన మర్నాడు. ఈ ఊళ్ళో ఇంకేం అనుకుంటారు? చాలాసేపటికి ఎవరికో మనసొప్పక అంబులెన్సును పిలిచారు. అందులో వచ్చినవాళ్ళు కూడా ముందు నోరే వాసన చూశారు. సారా వాసన లేదు.

మధ్యాహ్నం మూడింటికి ఇన్‌స్పెక్టర్ స్టామెన్ కుత్సరోవ్ బల్ల మీద ఫోను మోగింది. అప్పుడే ఆయన చల్లారిపోయిన సూపులో చెంచా పెట్టాడు.

"డాక్టర్ ఇస్క్రాని. బొటులిజం కేసు వచ్చింది. వెంటిలేటర్ మీద పెట్టాం."

"అంటే ఏంటండీ?"

"ఇంట్లో సీసాల్లో నిలవపెట్టిన తిండి పాడైతే అందులో పుట్టే విషం. రెప్పలు వాలిపోతాయి. ఒకటి రెండుగా కనిపిస్తుంది. నోరెండిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. ఆ తర్వాత ఊపిరి."

"పాపం. ఇందులో పోలీసుల పనేముంది?"

"మాట రాదుగా, అవునంటే వేలు కదపమన్నాం. ఒక్కడివే తిన్నావా అంటే కదల్లేదు. ఇంకెవరైనా తిన్నారా అంటే కదిలింది. ఎవరని పేర్లు అడిగేలోగా గొట్టం వెయ్యాల్సొచ్చింది. నిద్రమందు ఇచ్చేశాం."

కుత్సరోవ్ చెంచా కింద పెట్టాడు.

"విరుగుడు రాజధాని సోఫియా నుంచి రెండు డోసులు తెప్పించాను," అంది డాక్టరు. "ఒకటి ఆయనకి ఎక్కించాం. రెండోది ఫ్రిజ్‌లో ఉంది. అక్కడే ఉంటే ఎవరికీ పనికిరాదు. జబ్బు ముదరకముందే పడితేనే పనిచేస్తుంది. చీకటి పడేలోగా ఆ మనిషిని పట్టుకురండి. నా దగ్గర ఇంకో వెంటిలేటర్ లేదు."

ఫోను పెట్టేసింది.

కుత్సరోవ్ ఇరవై ఆరేళ్ళ సర్వీసులో దొంగల్ని వెతికాడు, తప్పిపోయినవాళ్ళని వెతికాడు. తాను చావబోతున్నానని తెలియని మనిషిని వెతకడం ఇదే మొదటిసారి. సూపు అలాగే వదిలేసి టోపీ తీసుకున్నాడు.

పద్నాలుగో బ్లాకు లిఫ్టు ఆ వేళకి ఎవరి కోసమో పైనెక్కడో ఆగిపోయి ఉంది. తిట్టుకుంటూ మెట్లెక్కాడు. రెండో అంతస్తులో ఒక గుమ్మం ముందున్న గాజు సీసా కాలికి తగిలింది. నిండా అక్రోట్లు. పడబోతున్నదాన్ని బూటుతో గోడవైపు నెట్టి పైకి పోయాడు. ఈ ఊళ్ళో ఏ గుమ్మం ముందు చూసినా ఒక సీసా ఉంటుంది. ఎన్నని చూస్తాడు?

నాలుగో అంతస్తులో ల్యూబెన్ ఫ్లాటు. ఒక గది, ఒక వంటిల్లు. సింకు పక్కన ఆరబెట్టిన గిన్నెల్లో రెండు ప్లేట్లు. రెండు ఫోర్కులు. ఒంటరివాడి ఇంట్లో రెండో ఫోర్కు.

సింకు జల్లెడలో ఒక ఆకుపచ్చ ముక్క ఇరుక్కుని ఉంది. చేతితొడుగు వేసుకుని తీశాడు. బీన్స్.

మరి సీసా ఏది? చెత్తబుట్ట ఖాళీ. అలమరలో రొట్టె, ఉప్పు, చేపల డబ్బా ఒకటి. బల్ల కింద అక్రోట్ల గోనె. ఇంట్లో నిలవ పెట్టిన సీసా ఒక్కటీ లేదు. మూత కూడా లేదు. బీన్స్ ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?

కిందికి వెళ్ళి బ్లాకువాళ్ళందరినీ మెట్ల దగ్గరికి రమ్మన్నాడు. పదిమందిదాకా వచ్చారు. అందరికంటే ముందు నిలబడింది రుజా వాసెవా. ఐదో అంతస్తు, బ్లాకు బాధ్యురాలు. ముప్ఫై ఏళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. ఇప్పటికీ ఎదుటివాడు టికెట్ లేకుండా ఎక్కాడన్నట్టే చూస్తుంది. ఈరోజు మరీనూ. గడ్డం పైకెత్తి, సగం మూసిన కళ్ళతో, ముక్కు మీదుగా కుత్సరోవ్‌ని చూసింది.

ఈవిడకి పోలీసంటే ఎంత చులకనో, అనుకున్నాడు. ఒళ్ళు మండింది.

"ల్యూబెన్‌కి బీన్స్ ఎవరిచ్చారు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఇది నేరం కాదు. ఎవరినీ అరెస్టు చెయ్యను. ఆయనతో కలిసి తిన్న మనిషి ప్రాణం పోతుంది. అందుకే అడుగుతున్నాను."

రెండో అంతస్తు జ్లాత్కా పిన్ని ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంది. లావుపాటి మనిషి, డెబ్బైకి దగ్గర. ఆ బ్లాకులో ఆమె పెట్టినన్ని సీసాలు ఇంకెవరూ పెట్టరు. "నేను మధ్యాహ్నమే మా చెల్లెలి ఊరినుంచి వచ్చాను నాయనా. నిన్నంతా అక్కడే ఉన్నాను."

"మీరు బీన్స్ పెడతారా?"

"పెట్టనివాళ్ళెవరు? కానీ నా సీసా తిని ఇప్పటిదాకా ఎవరికీ కడుపునొప్పి కూడా రాలేదు. ఎవర్నైనా అడుగు."

"నావీ అంతే," అంది ఇంకొకావిడ.

"మా ఇంట్లో బీన్సే తినం," అంది మరొకావిడ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే కనీసం భుజాలైనా తడుముకుంటారు. ఇక్కడ చెయ్యి లేపినవాళ్ళు లేరు. తన సీసా వల్ల ఒకడు ఆసుపత్రి పాలయ్యాడని ఒప్పుకుంటే ఆ ఆడదాని పరువు మళ్ళీ లేవదు. చచ్చినా చెప్పరు. కుత్సరోవ్‌కి ఆ సంగతి తెలుసు, ఆయన తల్లీ ఇలాంటిదే.

"నేను సూపర్‌మార్కెట్‌లో కొనుక్కుంటాను సార్," అంది నెలి. బ్యాంకు నుంచి అప్పుడే వచ్చింది. ఉదయం దాటుకుపోయిన సంగతి గుర్తొచ్చి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"సరే. ఇంకోలా అడుగుతాను. ఎవరికైనా కళ్ళు మసగ్గా ఉన్నాయా? నోరెండుతోందా? ఒళ్ళు తూలుతోందా?"

అడగకుండా ఉంటే బాగుండేది.

"నాకు నాలుగేళ్ళ నుంచీ మసకే బాబూ."

"నాకు మోకాలు తూలుతుంది. రెండూ తూలతాయి."

"నోరెండటమా? షుగరు మాత్రలు వేసుకుంటే ఎవరికైనా ఎండుతుంది. నిన్న డాక్టరు..."

"ఆపండి తల్లీ," అన్నాడు కుత్సరోవ్. తల పట్టుకున్నాడు. ముసలివాళ్ళ బ్లాకులో ఈ ప్రశ్న అడిగితే సగం ఆసుపత్రి ఇక్కడే తేలుతుంది. డాక్టరు చెప్పిన లక్షణాలన్నీ అందరికీ ఉన్నాయి. రుజావైపు తిరిగాడు. "మీకు?"

"నాకేం లేదు," అంది రుజా. గొంతు బొంగురుగా ఉంది. చేతిలో నీళ్ళ సీసా ఎత్తి ఒక గుక్క తాగింది. "శనివారం సెల్లార్ శుభ్రం చేయించి అరిచి అరిచి గొంతు పోయింది, అంతే. నేను ముందే చెప్పాను. నోటీసు కూడా పెట్టాను. వినేవాళ్ళేరీ?"

లిఫ్టు పక్కన నోటీసు ఉంది. పెద్ద అక్షరాలతో రాసింది. సెల్లార్‌లోని పాత సీసాలు పారవేయవలెను. మూత తెరవరాదు. రుచి చూడరాదు. సింకులోగాని, పెరట్లోగాని, కోళ్ళకుగాని పారబోయరాదు. సీసాతో సహా సంచిలో కట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో కట్టి, చెత్త తొట్టి లోపల వేయవలెను. ఇట్లు, రుజా వాసెవా.

"బాగా రాశారు," అన్నాడు కుత్సరోవ్.

"రాయడం వరకే నా పని. ఇంకేం లేకపోతే వెళతాను." లిఫ్టు బటన్ నొక్కబోయి గోడ నొక్కింది. మళ్ళీ గోడే నొక్కింది. విసుగ్గా అరచేత్తో మొత్తం పలకని తట్టింది. లిఫ్టు కదిలింది. గడ్డం పైకెత్తుకునే లోపలికి పోయింది.

కుత్సరోవ్ ఫోను మోగింది. "దొరికారా?" అంది డాక్టరు.

"లేదు."

"బయట దీపాలు వెలిగించేశారు, చూశారా?"

చూశాడు. నవంబరులో ఈ ఊళ్ళో నాలుగింటికే పొద్దు వాలిపోతుంది. అడిగినవాళ్ళనే మళ్ళీ అడిగాడు. సెల్లార్‌లోకి దిగాడు. అరలన్నీ తుడిచినట్టున్నాయి. అందరూ నోటీసు ప్రకారమే పారేశామన్నారు. ఇంత బుద్ధిమంతుల బ్లాకు దేశంలోనే ఉండదు. మరి మనిషి మెట్ల మీద ఎందుకు కూలబడ్డాడు? గోడని ఒక తన్ను తన్నాడు. కాలు నొప్పి పుట్టింది.

పైకొస్తుంటే రెండో అంతస్తులో జ్లాత్కా పిన్ని గుమ్మంలో వంగి ఆ సీసా తీసుకుంటోంది.

"ఎవరు పెట్టారో చూడు, నిండా అక్రోట్లు. ఉదయం నేను లేనప్పుడు పెట్టి ఉంటారు, కాకపోతే నిన్న. మధ్యాహ్నం వచ్చేటప్పుడు చేతుల నిండా సంచులు, తీసుకోడానికి వీలుకాలేదు. సీసా నాదే, మూత మీద నీలం చుక్క ఉంది. నా గోళ్ళరంగు. ఊరందరి దగ్గరా నా సీసాలే ఉంటాయి, గుర్తు లేకపోతే తిరిగొస్తాయా?"

"తిరిగిచ్చేవాళ్ళు అక్రోట్లు వేసివ్వాలా?"

"ఖాళీ సీసా తిరిగిస్తారా ఎవరైనా? మీ అమ్మ నేర్పలేదా నీకు?"

నేర్పింది. ఖాళీ సీసా ఇచ్చిన చెయ్యి ఖాళీ అవుతుందనేది. అందుకే కడిగి, ఆరబెట్టి, ఇంట్లో ఉన్నదేదో గుప్పెడైనా వేసి మరీ ఇస్తారు. ఇంట్లో ఉన్నదేదో.

అక్రోట్ల గోనె. బల్ల కింద.

కుత్సరోవ్ మెట్టు మీదే ఆగిపోయాడు. మూడు గంటలకి తన బూటుతో పక్కకి నెట్టిన సీసా. దానికోసమే ఫ్లాటంతా వెతికాడు. తనని తాను చాలా మంచి మాటలే తిట్టుకున్నాడు.

"పిన్నీ, అది కింద పెట్టండి. లోపలివి తినొద్దు. చేతులు సబ్బుతో కడుక్కోండి. ల్యూబెన్‌కి బీన్స్ మీరిచ్చారు."

"నేనివ్వలేదు."

"ఆయన సీసా మీకు తిరిగిచ్చాడు."

"నేనివ్వలేదంటుంటే." ఆమె మొహం పాలిపోయింది. "ల్యూబెన్ పెట్టాడా ఇది? నేనతనికి ఏమీ ఇవ్వలేదు. మా అబ్బాయి మీద ఒట్టు."

"మరి మీ సీసా ఆయన దగ్గరికి నడిచొచ్చిందా?"

ఆమె గుమ్మంలోనే స్టూలు మీద కూర్చుంది. ఏప్రన్ అంచు మెలిపెట్టింది.

"శనివారం నాలుగు పాత సీసాలు తేలాయి. ఏడేళ్ళనాటి బీన్స్. ఒకదాని మూత బాన కడుపులా ఉబ్బింది. మిగతావి ఉబ్బలేదు. నోటీసు చెప్పినట్టే సంచిలో కట్టాను. రెండో సంచిలో కూడా కట్టాను."

"తొట్టిలో వేశారా?"

"తొట్టి దగ్గర."

"దగ్గరంటే? లోపలా, పక్కనా?"

"పక్కన. హ్యాండిల్‌కి తగిలించాను." ఆమె తలెత్తింది. "నిక్షేపంలాంటి సీసాలు నాయనా. లీటరువి. ఇప్పుడు దొరకడం లేదు. ఎవరైనా బీదవాళ్ళు లోపలిది పారబోసి సీసాలు వాడుకుంటారని."

కుత్సరోవ్ కళ్ళు మూసుకున్నాడు. విషం పారేశారు, సీసా పారెయ్యడానికి మాత్రం మనసు రాలేదు. రొట్టె మిగిలితే తొట్టిలో వెయ్యరు, పక్కన తగిలిస్తారు. చొక్కా చిరిగితే పక్కన తగిలిస్తారు. ఈ దేశంలో తొట్టి పక్కన పెట్టినది పారేసినట్టు కాదు, ఇంకొకరికి పెట్టినట్టు.

"ఆ టైములో అక్కడ ఎవరున్నారు?"

"ఎవరుంటారు? రుజా. చేతులు కట్టుకుని అందరి సంచులూ చూస్తూ. నేను తగిలిస్తుంటే కోప్పడింది కూడా. లోపల వెయ్యి, లోపల వెయ్యి అని. సరే నువ్వే వెయ్యమ్మా అని వచ్చేశాను."

కుత్సరోవ్ ఆలోచించాడు. ల్యూబెన్ తనంతట తాను తొట్టి దగ్గర తీసుకుని ఉంటే సీసా గుమ్మానికి తెచ్చి ఇవ్వడు. సిగ్గుపడతాడు. ఎవరో ఇచ్చారు. తమ చేతి వంటేనని చెప్పి ఇచ్చారు. ఆయన మూత మీద నీలం చుక్క చూశాడు. ఏమీ అనకుండా కడిగి అసలు మనిషికి చేర్చాడు.

ఇచ్చిందెవరు?

ఆ బ్లాకులో అందరికీ కళ్ళు మసక. అందరికీ నోరెండుతుంది. అందరూ తూలతారు. ఒక్క మనిషే నాకేం లేదంది. నాకేం లేదంటూ నీళ్ళు తాగింది. బటన్ బదులు గోడ నొక్కింది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఇక ఆ గడ్డం. పొగరనుకున్నాడు తను. రెప్పలు పైకి లేవని మనిషి ఎదుటివాణ్ణి చూడాలంటే తల వెనక్కి వాల్చక ఏం చేస్తుంది?

లిఫ్టు కోసం ఆగలేదు. అంబులెన్సుకి ఫోను చేస్తూనే ఐదో అంతస్తుకి పరిగెత్తాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. రుజా తలుపు పట్టుకుని నిలబడి ఉంది. రెప్పలు ఇంకా కిందికొచ్చాయి.

"రుజా గారూ, నేను మీకు ఎంతమంది కనిపిస్తున్నాను?"

"అక్కర్లేనంతమంది," అందావిడ. మాట ముద్దముద్దగా వచ్చింది.

"శనివారం రాత్రి ల్యూబెన్ ఇంట్లో భోంచేశారు. బీన్స్ మీరే పట్టుకెళ్ళారు. జ్లాత్కా సంచిలోవి."

 ఆవిడ గడ్డం అలాగే ఎత్తి పట్టుకుంది.

"మధ్యాహ్నమే ఎందుకు చెప్పలేదండీ? పదిసార్లు అడిగాను. బతిమాలాను." కుత్సరోవ్ గొంతు లేచింది. "చావడానికైనా సిద్ధపడ్డారు గానీ..."

"అందరి ముందు ఏం చెప్పమంటారు?" అంది రుజా. "చెత్త దగ్గర ఏరుకున్నాననా? నోటీసు రాసినదాన్ని. మగాడి ఇంటికి రాత్రి భోజనానికి వెళ్ళాననా? నాకు తోట లేదు. రైళ్ళలో తిరిగినదాన్ని, ఒక్క సీసా పెట్టడం రాదు. ఈ ఆడవాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. ఆయనేమో మెట్ల మీద కలిసినప్పుడల్లా మా అమ్మ బీన్స్, మా అమ్మ బీన్స్ అంటాడు. మూత ఉబ్బనిది చూసే తీశాను. ఉబ్బకపోతే ఏం కాదనుకున్నాను."

"ఎంత తిన్నారు?"

"రెండు ముక్కలు. తర్వాత ఆయనే... సరే పదండి. కోటు తెచ్చుకుంటాను. దొంగని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళకండి."

తీసుకెళ్ళలేదు. చెయ్యి పట్టుకుని, లిఫ్టులో, చుట్టాన్ని సాగనంపినట్టు దించాడు. కింద ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. పక్కకి తప్పుకుని దారిచ్చారు. సాయంత్రం ఐదున్నరకి ఫ్రిజ్‌లోని రెండో డోసు బయటికొచ్చింది.

మిగతా మూడు సీసాలూ రుజా వంటింట్లో సింకు కింద దొరికాయి. కుత్సరోవ్ చేతితొడుగులు వేసుకుని, మూతలు కదపకుండా సంచిలో పెట్టి కట్టాడు. అక్రోట్ల సీసాని కూడా అక్రోట్లతో సహా కట్టాడు. ఇంకో సంచి తొడిగాడు. ల్యూబెన్ సింకు, ప్లేట్లు, ఆ రెండు ఫోర్కులు బ్లీచింగ్ నీళ్ళతో కడిగించాడు. సంచి పట్టుకుని తొట్టి దగ్గరికి వెళితే జ్లాత్కా పిన్ని వెనకే వచ్చింది.

"బీన్స్ పారెయ్యి నాయనా. నేనొద్దన్నానా? సీసాలు మరగబెట్టి..."

కుత్సరోవ్ తిరిగి చూశాడు. ఆమె నోరు మూసుకుంది. సంచి తొట్టి లోపల, అట్టడుగున పడిన చప్పుడు వినేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.

రిపోర్టులో ప్రమాదమని రాశాడు. ఇంకేం రాస్తాడు? ఒకావిడ పక్కన పెట్టింది, ఒకావిడ తీసింది, ఒకాయన తిన్నాడు. తిలాపాపం తలా పిడికెడు.

ఐదో వారంలో ల్యూబెన్ గొంతులోంచి గొట్టం తీశారు. వాంగ్మూలం లాంఛనం ఒకటి మిగిలింది కాబట్టి కుత్సరోవ్ వెళ్ళాడు. మంచం పక్కన తెర. తెర అవతల ఇంకో మంచం.

"నీలం చుక్క చూశావు కదూ?" అన్నాడు కుత్సరోవ్.

ల్యూబెన్ గొంతు గరగరలాడింది. "మూత తీయకముందే చూశాను సార్. జ్లాత్కాదని తెలుసు. ఆవిడేమో తన చేత్తో పెట్టానంది. ఎంత ముచ్చటగా చెప్పిందో మీకు తెలీదు."

"రుచి తేడా తెలియలేదా?"

"మొదటి ముక్కకే తెలిసింది. అదో రకం వాసన. బాగా లేవంటే ఆవిడ మొహం ఏమవుతుంది? ఆకలిగా ఉందని చెప్పి ఆవిడ ప్లేటు కూడా నా ముందుకి లాక్కున్నాను. ఎలాగోలా నేను తినేస్తే గొడవ వదులుతుందని. ఇంత విషమని నాకేం తెలుసు?"

 ఈ మొద్దు తెలియకుండా చేసిన పనే ఆవిడని వెంటిలేటర్ దాకా పోకుండా ఆపింది.

తెర కదిలింది. రుజా చక్రాల కుర్చీలో ఉంది. రెప్పలు పూర్తిగా లేస్తున్నాయి ఇప్పుడు. గడ్డం మామూలుగా ఉంది.

"నాది కాదని తెలిసీ తిన్నావా?" అంది.

"తెలిసే తిన్నాను."

"బాగా లేవని తెలిసీ?"

"రెండు ప్లేట్లూ."

ఆవిడ మొహం కిటికీవైపు తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు. తుడవకుండానే ఊరుకుంది.

"ఇంటికెళ్ళాక బీన్స్ నేనే తెస్తాను," అంది చివరికి. "కొట్లో కొని తెస్తాను. బిల్లు బల్ల మీద పెట్టి, నువ్వు చదివాకే వడ్డిస్తాను."

"సరే," అన్నాడు ల్యూబెన్. "ప్లేట్లు మాత్రం రెండు."

కుత్సరోవ్ ఏమీ రాయకుండానే వాంగ్మూలం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.